ఎనిమిదో కాలువకు రాని వంతు

బస్తా ఒకటే, పసుపు ఒకటే. తెల్లవారగానే షెడ్డులో ఎవరూ లేనప్పుడు ఎనిమిదో రేకు కాలువలో పోస్తే మొదటి రకమని పక్కకు పెట్టిన, కొమ్ములు ఏరే మిషన్, జనం నిండాక అదే బస్తాలోని కొమ్ములను అదే కాలువలో పోస్తే మూడో రకం డబ్బాలోకి తోసేసింది. హిబా పక్కన నిలబడి కళ్లారా చూసింది. భీమవ్వ మాత్రం ఆశ్చర్యపోలేదు. "నేను మొత్తుకుంటనే ఉన్న గదనే బిడ్డా" అని కొంగు దులుపుకుంది.

భీమవ్వది భీమ్‌గల్ దగ్గరి పల్లె. రెండు బస్తాలు బస్సు మీద వేయించుకుని ఆర్మూర్ దాకా వస్తుంది. ఆమె ఉడికీ ఉడకని పసుపు కలిపి తెస్తోందని ఈ మధ్య రైతు సంఘంలో చెవులు కొరుక్కుంటున్నారు. ఆ అనుమానం మొదట బయటపెట్టింది హిబాయే. "అవ్వా, ఈసారి ఉడుకు సరిగ్గ పడలేదేమో" అని నవ్వుతూనే అంది. మిషన్ తప్పు చెప్పదని ఆమె ధైర్యం. ఎందుకంటే మిషన్ లోపలి చిప్పుకు పని నేర్పింది తనే.

మామూలు చిప్పు కట్టేసిన ఇల్లు లాంటిది. వంటగది వంటగదే, పడకగది పడకగదే. హిబా తీసుకున్నది ప్రోగ్రామబుల్ చిప్పు. అది యాత్రికుల సత్రం లాంటిది. లోపల వేల ఖాళీ గదులు, గదుల నడుమ దారులు. ఏ గదిలో ఏ పని జరగాలి, ఎవరి కబురు ఏ దారిన పోవాలి అన్నది మనిషే రాసి ఎక్కించాలి. నచ్చకపోతే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. పెద్ద సత్రమైతే ఎవరైనా అందరికీ చోటు చూపగలరు. కానీ పెద్ద చిప్పు పెడితే మిషన్ రైతు సంఘాలకు అందదు. అందుకని హిబా చిన్నదే తీసుకుని, ఉన్న గదులతోనే సర్దింది.

కొమ్ము రంగు, పొడవు, పగులు లెక్కగట్టే పనికి చాలా గదులు కావాలి. కాలువకొక లెక్కల గది కడితే చిప్పు చాలదు. ఒక్కటే కట్టి, నాలుగు కాలువలూ వంతులవారీగా వాడుకునేటట్టు రాసింది. మొదటి కాలువ ఒక కొమ్ము చూపించుకోగానే రెండో కాలువ వంతు, తర్వాత మూడోది. ఎవరినీ దాటెయ్యదు. "మసీదులో వరసల నిలబడ్డంక ట్రాక్టర్ మీద వచ్చినోడా, నడిచొచ్చినోడా అని అడగరు గద అమ్మీ, గట్లనే" అని తల్లి నజీరాకు చెప్పింది. తల్లికి చిప్పు అర్థం కాలేదు గానీ ఆ మాట అర్థమై సంతోషపడింది.

ఈ సీజన్‌కు నాలుగు కాలువలు ఎనిమిదయ్యాయి. ఈ మిషన్లు కొనాలంటే అట్లా కావాలని హైదరాబాద్‌లోని ఒక మసాలాల కంపెనీ అంది. చిప్పు మాత్రం అదే చిన్న చిప్పు. ఎనిమిదింటికీ ఒక్క లెక్కల గది చాలదని, ఇంకోటి కట్టాలంటే పాత గదులన్నీ మళ్లీ సర్దాలని, దసరా దాకా వ్యవధి ఇమ్మని హిబా అడిగింది. "చూద్దాం, అందాక నేను ఏదో సర్దుతా" అన్నాడు శ్రవణ్. బడిలో పక్కపక్కన కూర్చుని చదువుకున్నవాడు. మిషన్‌లో, తమ చిన్న కంపెనీలో, పేరులో సగం భాగస్తుడు. తల్లి కళ్ల ఆపరేషన్ పనిమీద నిజామాబాద్ తిరుగుతూ హిబా ఆ సంగతి అతనికే వదిలేసింది.

ఈ మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని, మిషన్‌లో ఇప్పుడు నడుస్తున్న డిజైన్ తెరిచి, గది గదీ తిరిగి చూసింది. భర్త అజీమ్ ఒకసారి తొంగి చూసి, "కాలువల్లో నా వెల్డింగ్ తప్పేమీ లేదు కదా?" అని అడిగి పెర్కిట్‌లోని తన షాపుకు పోయాడు. వెల్డింగ్‌లో తప్పు లేదు. తప్పు ఎవరి వంతు ఎప్పుడో చూసే వంతుల గదిలో ఉంది. ఆ గదిని ఎవరో విప్పి వేరేగా కట్టారు. మొదటి నాలుగు కాలువలు ఎప్పుడు అడిగితే అప్పుడు వాటికే చూపు. వాటికి తీరిక దొరికితేనే తక్కినవాటికి. ఎనిమిదోదానికి అన్నిటి తర్వాత మిగిలిందే. చూపు అందేలోపు జారిపోయిన కొమ్ము, మంచిదో చెడ్డదో తేలకుండానే, మూడో రకంలో పడుతుంది.

మొదటి నాలుగు కాలువల దగ్గర నిలబడేది ట్రాక్టర్ల మీద వచ్చే పెద్ద రైతులు. బస్సు దిగి వచ్చేవాళ్లను చివరికి తోస్తారు. మసాలాల కంపెనీవాళ్లు రేపు పొద్దున వస్తున్నారు. వాళ్లు చూసి సరేనన్నాక డిజైన్‌కు సీల్ పడుతుంది. ఆ తర్వాత దాన్ని చెరపడానికి లేదు. ఇందల్వాయి నుంచి నవీపేట్ దాకా వాళ్లు పెట్టబోయే మిషన్లన్నిటికీ అదే ఎక్కుతుంది. చెరపాలంటే ఈ రోజే చెరపాలి.

సాయంత్రపు అసర్ నమాజు చేసుకుని హిబా షెడ్డుకు వచ్చింది. శ్రవణ్ కూర్చునే పైగదికి మెట్లెక్కుతుంటే వెనకాల భీమవ్వ కూడా ఎక్కింది.

"రా హిబా" అంటూ శ్రవణ్ బల్ల మీది నీళ్ల సీసా తీసి కుర్చీ వెనక పెట్టాడు. రంజాన్ నెల మొదలైనప్పటి నుంచి అతడు అంతే. ఆమె ఎదుట నీళ్లు ముట్టడు, టీ తెప్పించడు. ఇంత చిన్న సంగతి మనసులో పెట్టుకునే మనిషి అంత పని చేస్తాడా అని హిబాకు అనిపించింది. అనిపించినందుకు కాస్త నెమ్మది కూడా కలిగింది.

గుమ్మంలో భీమవ్వ ఆయాసపడుతూ నిలబడింది. "మెట్లు గిట్ల కట్టిన్రేందిరా శ్రవణూ, మేకలెక్కాల్నా, మనుషులెక్కాల్నా?"

"నీ కోసం లిఫ్టు పెట్టిస్త పెద్దమ్మా."

"లిఫ్టు తర్వాత పెట్టుదువు గానీ, నా పసుపు సంగతి జెప్పు. పొద్దున మంచిదట, పదకొండు కొట్టంగనే చెడిపోయిందట. గదేమన్న పాలా, ఇరగనీకి?"

శ్రవణ్ నవ్వాడు. హిబా నవ్వలేదు. లాప్‌టాప్ తెరిచి బల్ల మీద అతని వైపు తిప్పింది.

"వంతుల గది ఎవలు మార్చిన్రు, శ్రవణ్?"

అతడు తెర వైపు వంగి చాలాసేపు చూశాడు. చూస్తున్నట్టు ఉన్నాడో, నిజంగానే చూస్తున్నాడో చెప్పలేం. తర్వాత నుదురు కొట్టుకున్నాడు.

"అయ్యో! గిదా? గిది నా తప్పే హిబా. కాదు, జర నీది గూడ ఉన్నది."

"నాదా?"

"నువ్వు గా గదికి ఏం పేరు పెట్టినవ్ జెప్పు?"

"బారీ."

"ఇంగ్లీషు అక్షరాలల్ల గదా రాసినవ్. నేను భారీ అని సదివిన. భారీగ సరుకు వచ్చే కాలువలకు ముందు చూపు, తక్కినయి తర్వాత అని నీ ఉద్దేశమనుకున్న. ఎనిమిది కాలువలకు పెంచేటప్పుడు గట్లనే రాసిన. మధ్యల ఒక్క హెచ్ ఉన్నదా లేదా ఎవలు పట్టి జూస్తరు?"

హిబాకు నవ్వొచ్చింది. ఎండిపోయిన నోటితో, కళ్లలో నీళ్లు తిరిగేంత నవ్వొచ్చింది. బారీ అంటే వాళ్లింట్లో వంతు. రాసేటప్పుడు నోటికి వచ్చిన మాట, అమ్మ రోజూ అనే మాట, అదే పెట్టేసింది. చదివేవాడు వేరేగా చదువుతాడని తోచలేదు. తప్పు తనదైతే బాగుండునని ఎవరైనా కోరుకుంటారా? హిబా కోరుకుంది. తనది తేలికగా దిద్దుకునే తప్పు. ఎదుటివాడిదైతే దిద్దడం తన చేతిలో ఉండదు.

"నాకు జెప్పొచ్చు గద" అంది, అయినా గొంతులో కోపం లేదు. "ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె."

"అమ్మీ కళ్ల గురించి నువ్వు దవాఖాన చుట్టు తిరుగుతున్నవ్. నిన్నెందుకు సతాయించాలె అని."

"బారీ అంటే ఏందో, భారీ అంటే ఏందో నాకు దెల్వది" అంది భీమవ్వ స్టూలు లాక్కుని కూర్చుంటూ. "నా పేరు మాత్రం కరాబైంది. నిన్న బస్సుల ఆ ముత్తెమ్మ నా పక్కన కూసోలే. పసుపు ఉడకబెట్టుడు రానిదాన్నట నేను! గీ చేతులతోటి ఎన్ని కడాయిలు దించిన్నో ఆ దేవునికే ఎరుక."

"అవ్వా, తప్పు మాది. రేపు అందరి ముంగట నేనే చెప్త" అంది హిబా. "శ్రవణ్, పాత వంతులు ఇప్పుడే పెట్టేద్దాం. ఎనిమిదింటికీ సమానంగ వస్తది. మిషన్ జర నెమ్మదిగ నడుస్తది, అంతే గద?"

"గంత తొందరేంది? కంపెనీవాళ్లు పోయినంక..."

అతని మాట పూర్తి కాలేదు. కింద గలాటా మొదలైంది. ఎవరో ఎవరినో నెట్టారు, డబ్బా బోర్లా పడ్డ చప్పుడైంది, "నేను ముందొచ్చిన" అంటే "నువ్వెక్కడ ముందు" అని అరుపులు. శ్రవణ్ విసుగ్గా లేచి కిటికీ రెక్క తీసి వంగాడు.

"ఓ తుకారాం కాకా! ఆగే జర! ఆయన బారీ అయిపోనియ్యి, ఆ తర్వాత నీ బారీ! ఎవల బారీ వాళ్లకస్తది, ఎందుకు లొల్లి?"

రెక్క మూసి, చేతులు దులుపుకుని వెనక్కు తిరిగాడు.

హిబా అతన్ని చూస్తోంది. భీమవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏమైంది? గట్ల జూస్తున్నవేంది?" అన్నాడు శ్రవణ్.

"తుకారాం కాకాకు ఏం జెప్పినవ్?"

"ఆగుమని జెప్పిన."

"ఏం అయ్యేదాక ఆగుమన్నవ్? అదే మాట మళ్ల అను."

శ్రవణ్ నోరు తెరిచాడు. మాట నాలుక దాకా వచ్చి ఆగడం హిబాకు కనిపించింది. అతని ముఖంలో రంగు నెమ్మదిగా దిగిపోయింది. ఆర్మూర్‌లో గోలీలు ఆడిన ఏ పిల్లవాడికి ఆ మాట తెలియదు? గిల్లీదండా ఆడుతూ 'నా బారీ, నా బారీ' అని ఇతడే తన చేతిలోంచి కట్టె గుంజుకున్న రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. రేషన్ దుకాణం ముందు, నల్లా దగ్గర, బార్బర్ షాపులో, హిందువైనా ముస్లిమైనా ఈ ఊళ్లో అందరూ అనే మాట అది. అతడు పొరపాటున చదవలేదు. ఆమె నమ్ముతుందని తెలిసి, ఆమె ఇంటి మాటనే తీసుకుని అబద్ధం అల్లాడు.

"హిబా..."

"నాకు నవ్వొచ్చింది" అంది హిబా మెల్లగా. "నేను నవ్విన. నువ్వు జూస్తనే ఉన్నవ్."

అతడు కుర్చీలో కూలబడ్డాడు. చెయ్యి అలవాటుగా కుర్చీ వెనక సీసా కోసం పోయి, ఆమె ఉన్నదని గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ ఆగడం చూసి హిబాకు ఇంకా బాధ కలిగింది. ఇప్పుడెందుకు ఆ మర్యాద? మర్యాదా, మోసమూ ఒకే చేతిలో ఎట్లా ఇముడుతాయి? ఆమె ఎప్పుడూ దేవుడి ముందు వేసుకునే ప్రశ్నల్లో ఇది లేదు.

"కంపెనీవాళ్లు కిందటి నెల చూసిపోయిన్రు. నీకు జెప్పలే" అన్నాడు శ్రవణ్ బల్ల వైపు చూస్తూ. "ఎనిమిది కాలువలకు సమానంగ వంతులిస్తే మిషన్ నెమ్మదైంది. గంటకు గింతేనా అన్నరు. పెద్ద చిప్పు పెడ్తమంటే వద్దన్నరు. రెండో గది కట్టాల్నంటే నువ్వు దసరా అన్నవ్. వాళ్లు అప్పటిదాక ఉంటరా? ముందటి నాలుగు కాలువలు ఉరికితే చాలు, వాళ్లు జూసేది గవే. వెనకవాటికి వచ్చేది రెండు బస్తాలు, మూడు బస్తాలు..."

"ఆ రెండు బస్తాలు ఎవలయి రా?" అంది భీమవ్వ.

అతడు లాప్‌టాప్ తెరను తన వైపు నుంచి పక్కకు తిప్పాడు.

"నాయి గదా?" ఆమె గొంతు పెంచలేదు. "తొమ్మిది నెలలు నేలల ఉంటది పసుపు. తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, పాలిషు పట్టిచ్చి తెచ్చిన. కంటితోటి జూసి బాగ లేదంటే ఒప్పుకుందు. నువ్వు జూడకనే పారేసినవ్. నీ పెండ్లికి పసుపు దంచింది నేనురా శ్రవణూ. అప్పుడు మంచిదైన చెయ్యి ఇప్పుడు చెడ్డదాయెనా?"

"పెద్దమ్మా, ఒక్క సీజన్ ఓపిక పట్టు. రెండో గది కట్టినంక అన్నీ సరైతయి. హిబా, నీకు తెల్సు, చిప్పుల తప్పు ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. గందుకే గద మనం గీ చిప్పు తీసుకున్నది."

"సీల్ పడేదాక చిప్పుల దిద్దుకోవచ్చు" అంది హిబా. "మూడో రకమని అందరి ముంగట అనిపించుకున్న మనిషికి ఎట్ల దిద్దుతవ్? నువ్వు మార్చినవ్, నేను ఆమెకు ఉడుకు రాదన్న. నీ అబద్ధాన్ని నా నోటితోటి జెప్పించినవ్. అందరికి వంతు వస్తదని ఊరూరు తిరిగి మాటిచ్చింది నేను, నువ్వు కాదు. నా మాట మీద బస్తా తెచ్చిన్రు వాళ్లు."

"నేను నా ఒక్కని కోసం జేసిన్నా? పేరు ఇద్దరిది. మిషన్లు వందల ఊర్లకు పోతయి..."

"గిట్లనే పోతే, వందల ఊర్లల్ల వందల మంది భీమవ్వలుంటరు. పెరుగుడంటే గిదేనా శ్రవణ్? తప్పు గూడ దాంతోటే పెరుగుతది గద."

ఆమె లాప్‌టాప్ మూసి చంకన పెట్టుకుంది. "సీల్ రేపు. ఇయ్యాల్నే పాతది ఎక్కిస్త. నెమ్మదిగ నడుస్తే నడవనీ. కంపెనీవాళ్లకు నేనే చెప్పుకుంట."

"హిబా, కిందికి పోకు" అన్నాడు శ్రవణ్. ఆ గొంతులో బతిమాలుడు ఉంది, ఇంకేదో కూడా ఉంది. ఆమె ఆగలేదు.

కింద తుకారాం కాకా మూడో కాలువ దగ్గర బస్తా విప్పుతున్నాడు. "జర మిషన్ ఆపుండ్రి కాకా, మీకే మంచిది" అంది హిబా. "ఆపుమంటే ఆపుతం అమ్మా, నీ మిషనే గద" అని ఆయన పక్కకు జరిగాడు. నీ మిషనే అన్న మాట ఆమెను ముల్లులా గుచ్చింది. మిషన్ ఆగింది. పసుపు దుమ్ము గాలిలో మెల్లగా కిందికి దిగుతోంది. భీమవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆమె పక్కన నిలబడింది.

హిబా మిషన్ పక్క మూత తీసి లాప్‌టాప్‌కు తీగ కలిపింది. తన పాత వంతుల గదిని, ఎనిమిది కాలువలకూ సరిపోయేట్టు మధ్యాహ్నమే సరిచేసి ఉంచింది. బిస్మిల్లా అనుకుని మీట నొక్కింది.

తెర మీద గీత సగం దాకా పోయి ఆగింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ చిప్పు సీల్ అయింది, కొత్త డిజైన్ తీసుకోదు.

మళ్లీ నొక్కింది. మళ్లీ అదే.

"ఏమంటది బిడ్డా?" అంది భీమవ్వ.

రేపు పడాల్సిన సీల్ ముందే ఎట్లా పడింది? సీల్ వేయాలంటే ఇద్దరు భాగస్తులూ ఒప్పుకోవాలి. ఇద్దరి ఫోన్లకూ విడివిడిగా ఒక నంబరు వస్తుంది, ఎవరి నంబరు వాళ్లు కొడితేనే పని జరుగుతుంది. ఒకడు దారి తప్పినా ఇంకొకరు ఆపాలని ఆ పద్ధతి పెట్టించింది తనే. హిబా తెర అడుగున ఉన్న వివరాలు తెరిచింది. గురువారం సాయంత్రం. ఒప్పుకున్నవారు, శ్రవణ్. ఒప్పుకున్నవారు, హిబా.

ఆమె తలెత్తింది. శ్రవణ్ చివరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు.

"నేను ఒప్పుకోలే" అంది హిబా.

"నీ ఫోన్ నుంచే వచ్చింది."

"గురువారం నేను అమ్మీతోటి నిజామాబాద్ దవాఖానల ఉన్న. నా ఫోన్ చార్జింగ్ పెట్టి ఇంట్ల మర్చిపోయిన. నువ్వే ఏదో జేసినవ్."

శ్రవణ్ తల అడ్డంగా ఊపాడు. ఈసారి అతని కళ్లు తప్పించుకోలేదు. దాంతోనే ఆమెకు భయం వేసింది. "నా నంబరు నేను కొట్టిన హిబా, నీది నేను కొట్టలే. గిది నన్ను అడగకు. ఇంట్ల అడుగు."

పొద్దుగూకింది, ఉపవాసం విడిచే మగ్రిబ్ అజాన్ మసీదులో మొదలైంది. తుకారాం కాకా భార్య నీళ్ల గ్లాసు తెచ్చి హిబా చేతిలో పెట్టి, "తాగమ్మా, పొద్దంతా ఎండిపోయి ఉన్నవ్" అంది. గ్లాసు అట్లాగే పట్టుకుని, రెండో చేత్తో హిబా ఫోన్ తీసింది. అజీమ్ వెంటనే ఎత్తాడు.

"గురువారం సాయంత్రం నా ఫోన్ నుంచి సీల్‌కు ఒప్పుకున్నదెవరు?" అంది. ఇంట్లో వాళ్లిద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. ఇప్పుడు ఆ మాటలు ఆమె నోట్లోనే కొత్తగా ఉన్నాయి.

అటువైపు షాపులో ఏదో రేకు కింద పెట్టిన చప్పుడు.

"నువ్వు ముందు రోజా విడువు, హిబా" అన్నాడు అజీమ్. "ఇంటికి రా. అన్నీ చెప్తా."

ఏ సీల్ అని మాత్రం అతడు అడగలేదు.